నేను ఆగు అన్నాను

నా చిన్నప్పుడు మేము ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న సైన్యంలో హవల్దారు. పక్కింటి అక్కది గుంటూరు వైపు. ధౌలా కువాన్‌లో కాలేజీకి వెళ్తూ అక్కడి కబడ్డీ జట్టుకు ఆడేది. సాయంత్రాలు మా ఆడపిల్లలందరికీ తనే గురువు.

ఒక ఆదివారం వెనక లైను పిల్లలతో పందెం పెట్టుకున్నాం. చప్పట్లన్నీ కూతకు వెళ్ళేవాళ్ళకే కాబట్టి నేనూ దానికే పేచీ పెట్టాను. అక్క నన్ను పట్టేవాళ్ళ వరసలో నడిమధ్య నిలబెట్టింది. అంచుల్లో ఉన్నవాళ్ళకు తమ పక్కే కనిపిస్తుందట, నడుమ ఉన్నదానికి అందరూ కనిపిస్తారట. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు మీద పడాలో అదే చెప్పాలట. కాలేజీలో తనదీ ఆ చోటేనని చెప్పినా నేను మూతి ముడుచుకునే నిలబడ్డాను.

వాళ్ళ పొడుగుపిల్ల కూతకొచ్చింది. ఇంకాస్త లోపలికి రానిస్తేనే వెనక దారి మూయగలం. మావాళ్ళేమో అప్పుడే ఉరకబోతున్నారు. గొంతు చించుకుని "ఆగు! ఆగు!" అని అరిచాను. అంతే, అందరూ ఒక్కసారిగా ముందుకు దూకారు. ఆ పిల్ల దొరికినవాళ్ళనల్లా తాకి గీత దాటేసింది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందని నాకు ఏడుపొచ్చింది. పైగా మా జట్టులోని హర్యానా పిల్ల నా మీదికే వచ్చింది. "తూనే హీ తో బోలా, ఆగే!"

'ఆగే' అన్నది నువ్వేగా అని దాని మాట. హిందీలో ఆగే అంటే ముందుకు, మా జట్టులో నాకు తప్ప ఎవరికీ తెలుగు రాదాయె. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏడవమాకే పిచ్చిదానా! వాళ్ళు నీ మాట వినబట్టేగా దూకింది! నడుమ ఉన్నదాని మాట అందరూ వింటారు. అది వాళ్ళ చెవిలో ఏమవుద్దో కూడా నువ్వే చూసుకోవాల."

పొడుగుపిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి "రుకో, రుకో" అంటూ మావాళ్ళను పట్టి ఉంచాను. తను బాగా లోపలికి వచ్చాక "పకడో!" అన్నాను. ఇక ఆ పిల్ల కదిలితే ఒట్టు! చప్పట్లు కాలు పట్టుకున్న హర్యానా పిల్లకే పడ్డాయి. నాకు మాత్రం ఆ పట్టు నేనే నోటితో పట్టినంత సంబరమైంది.

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా నేను చెప్పినదానికి అడ్డంగా చేస్తే, కోప్పడేముందు వాళ్ళకేం వినబడిందో అడుగుతాను. మా మనవడికి హిందీ వచ్చినంతగా తెలుగు రాదు. ఇదే ఢిల్లీలో, సరోజినీ నగర్ బజారులో వాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేటప్పుడు నా నోట ముందు "రుకో" వస్తుంది. "ఆగు" అంటే ఏమిటో ఇంటికి వెళ్ళాక, తలుపు వేసి నేర్పుతాను.