ఐదో బకీటు

ఆడబిడ్డ. రెండు కిలోల ఎనిమిదొందలు. అక్క బాగుండాది, బిడ్డ బాగుండాది. ఏడుపైతే ఆస్పత్రి వరండా చివర టీ అమ్మే ఆయప్పకు గూడా వినపడింది. "మీదేనామ్మా ఆ గొంతు" అని ఆయప్పే వచ్చి అడిగినాడు. మాదే అని చెప్పినా. చెప్పేటప్పుడు నవ్వుతాండానో ఏడుస్తాండానో నాకే తెల్దు.

ఇంగొకటి గూడా ఉండాది. నాకు ఉద్యోగమొచ్చింది. జమ్మలమడుగు కోర్టులో టైపిస్టు. ఆర్డరొచ్చి ఆరు రోజులైంది, ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. సర్కారు కొలువు చేయబోయేదీ నేనే మొదలు. అయినా ఆ కవరును బియ్యం డబ్బా కింద పెట్టి నోరు మూసుకోనుండా. ఈపొద్దు బిడ్డ ఏడ్చినాక గానీ నా నోరు తెరుచుకోలేదు. ఎందుకో చెప్పాలంటే మిద్దె మిందుండిన చెట్టు కాడ నుంచి మొదలుపెట్టాల.

మాది ప్రొద్దుటూరులో సందులో సందు. నాయన మగ్గం నేస్తాడు. ఇంట్లో రవ్వంత గూడా మట్టి నేల లేదు గాబట్టి అమ్మ ఏం పెంచినా మిద్దె మిందే, పెయింటు బకీట్లలోనే. అక్కను పులివెందుల పక్క తొండూరులో ఇచ్చినాము. మొదటి కడుపు నిలవలేదు. అందుకే ఈసారి ఐదో నెలలోనే పిల్చుకొచ్చినాము. వచ్చిన వారంలోనే అమ్మ ఐదు బకీట్లలో బంతి గింజలేసింది. బిడ్డను తొట్లో ఏసే పొద్దు తొట్టెకు ఇంటి పువ్వే కట్టాలని ఆమె పంతం. ఎరువు మా బావ గోనెసంచిలో పంపించిన గొర్రెల ఎరువు.

నాలుగు బకీట్లలో చెట్లు మోకాలెత్తు దాటలేదు. ఐదోది నా భుజాన్ని దాటింది. ఆకు కొంచెం తేడాగా ఉండాదే అంటే, "నీకేం తెలుసు, ఎరువు బలం" అనింది అమ్మ. దానికి కట్టె పాతి పాత చీర పేలికతో కట్టింది. బియ్యం కడిగిన నీళ్లు మొదట దానికే. దిష్టి తగులుతాదని కొమ్మకొక నల్లదారం గూడా కట్టింది. ఆ గింజ ఎరువులో వచ్చిందో, అమ్మ దాచిపెట్టుకున్న పొట్లంలోనే ఉండిందో, పావురం ఏసిందో ఇప్పటికీ తెల్దు.

దసరా దగ్గరికొచ్చేసరికి నాలుగు చెట్లూ పచ్చగా, ఎర్రగా విచ్చుకున్నాయి. ఐదోదానికి కణుపు కణుపుకూ ఆకుపచ్చ కుచ్చులు పట్టినాయి. వాటిలో నుంచి మొక్కజొన్న పీచు మాదిరి తెల్లని వెంట్రుకలు. ముట్టుకుంటే వేళ్లకు బంక. మామిడాకు నలిపి కిరసనాయిలు చల్లినట్టు వాసన. అమ్మ ఒక కుచ్చు తుంచుకోని కిందికి పోయి జేజికి, అంటే నాయన వాళ్లమ్మకు, చూపిచ్చింది. జేజి మెట్లెక్కలేదు, అందుకే అన్నాళ్లు దాన్ని చూడలేదు.

"అత్తా, ఈ పువ్వు విచ్చుకోదేంది?"

జేజి దాన్ని వేళ్లతో నలిపి ముక్కు కాడ పెట్టుకుంది. ఆ తర్వాత నవ్వింది.

"ఇంట్లో ఎద్దులేమన్నా ఉండాయా మే, దీన్ని పెంచుతాండావు?"

చాపాడులో సేద్యం చేసేటప్పుడు ఎద్దులకు కడుపు జారితే ఈ ఆకును బెల్లంతో నూరి మింగించేవాళ్లంట. బైరాగులు ఇచ్చిపోయేవాళ్లంట.

"గంజాయి మే ఇది."

అమ్మ తన నోరు తానే కొట్టుకుంది. తర్వాత ఇద్దరూ నా తట్టు చూసినారు.

"మూడేండ్లు చెట్ల సదువే గదా సదివింది ఈమె" అనింది జేజి. "ఈమెకు తెలీలేదంటే ఇంగ నా మాట అబద్దమేలే."

నేను చదివింది బాటనీయే. పొద్దు తగ్గితే పూత పట్టే మొక్కల మింద పరీక్షలో పది మార్కుల ప్రశ్న వచ్చింది. రెండు పేజీలు రాసి, ఉదాహరణల్లో దీని లాటిన్ పేరు గూడా రాసి కింద గీత గీసినా. మా మిద్దె మింద పొద్దు తగ్గి అది పూత పడతాంటే మాత్రం నేనే రోజూ చెంబుతో నీళ్లు పోసినా.

అదే వారం సెలక్షను లిస్టులో నా నంబరొచ్చింది. మిగిలింది పోలీసు ఎంక్వైరీ. ఇంటికొచ్చి, చుట్టుపక్కల అడిగి, ఈ పాప మంచిదే అని రాసిస్తే ఆర్డరు. ఒక్క చెట్టున్నా కేసేనని అందరికీ తెలుసు. కేసుండే ఇంటి పిల్లను కోర్టులో కూర్చోబెడతారా?

నేను కత్తి తీసుకోని పైకి పోతాంటే అమ్మ మెట్ల మింద అడ్డం నిలబడింది.

"పూత మిందుండే చెట్టును ఈ ఇంట్లో ఎవురూ ముట్టుకునేది లేదు."

కత్తి కిందికి దించినా. రెండేండ్ల కింద అక్క మొదటి కడుపుతో ఇంటికొచ్చినప్పుడు, వాకిలి ముందర మునగచెట్టు కరెంటు తీగలకు తగులుతాందని నాయన కొట్టేసినాడు. నిండా పూత మింద ఉండింది. నాలుగు రోజులకు అక్క కడుపు పోయింది. నాయన ఆ పొద్దు నుంచి పండ్లు తోముకునేదానికి వేపపుల్ల గూడా విరచడు, బ్రష్షు కొనుక్కున్నాడు. నేను ఆయనతో చెప్పినా, ఆ రెండింటికీ సంబంధం లేదు నాయనా అని. "తెలుసు పాపా" అన్నాడు. తెలిసీ మగ్గంలోకి దిగి కూర్చున్నాడు. అంతే.

కొయ్యకపోతే ఎండబెడదామని నేను నీళ్లు పోసేది మానేసినా. నాకు తెలీకుండా అమ్మ పోసింది. అమ్మను బతిమాలి ఆపితే మూడో రోజు వాన పడింది. వాన కోసం మొక్కే ఊర్లో, వాన చూసి ఏడ్చింది నేనొక్కదాన్నే అనుకుంటా. చెట్టు ఇంగా గుబురైంది. చుట్టూ దండేలు కట్టి చీరలారేసినాము. వాసనకు చీర అడ్డం రాదు గదా.

పక్క మిద్దె బూబమ్మ అత్తది. వాళ్లాయన కువైట్‌లో డ్రైవరు. ఆమె బట్టలు కుడతాది, బక్రీదుకని పొట్టేలును సాకుతాంది. పిట్టగోడ మింద నుంచి అమ్మను అడిగింది.

"ఏంది వదినా, మీ తట్టు నుంచి అదొక రకం వాసన?"

"ఎలక చచ్చింటాదిలే వదినా."

నాలుగు రోజులకు మళ్లీ అడిగింది.

"ఇంగా ఎలకేనా? ఎన్ని చచ్చినాయి వదినా?"

అక్కకు మాత్రం చెప్పలేదు. తొమ్మిదో నెల పడింది, భయపడతాదని. ఆమె నాతో పాటు సంబరపడతాండాది, కోర్టుకు పోయేటప్పుడు కట్టుకోమని తన చీరలు రెండు తీసి పెట్టింది. నేను సరే సరే అంటాంటి.

పోలీసాయప్ప చెప్పకుండా వచ్చినాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు. కాగితాలు చూసినాడు, నాయన పేరు రాసుకున్నాడు, "మింద బాడుగకు ఎవురన్నా ఉండారా" అని అడుగుతానే మెట్లెక్కినాడు. ఎనక అమ్మ, అమ్మ ఎనక నేను. చీర పక్కకు జరిపినాడు. ఆకు నలిపి వాసన చూసుకున్నాడు.

"ఇదేందమ్మా?"

"బంతిచెట్టు సార్" అనింది అమ్మ.

"బంతిచెట్టు. నల్లదారం గూడా కట్టినారే." నా తట్టు తిరిగినాడు. "పాప ఏం సదివింది?"

"చెట్ల సదువే సార్" అనింది అమ్మ. అబద్దం రాదు ఆమెకు. వచ్చిన ఒక్క అబద్దమూ అప్పుడే అయిపోయింది.

నేను నేలను చూస్తాండా. ఆయప్ప చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు.

"ఈపొద్దు నేను రాలేదు. రేపు పదకొండుకు వస్తా. అప్పటికి ఈ మిద్దె నున్నగా కనపడాల నాకు. నాకూ కూతుర్లుండారు, నౌకరీ గూడా ఉండాది."

టీ గూడా తాగకుండా పోయినాడు. జేజిని మెల్లగా మెట్లెక్కించుకోని వచ్చి మిద్దె మిందే కూర్చున్నాము, నేనూ అమ్మా జేజీ. అమ్మ ఒకటే మాట. "బిడ్డ భూమ్మింద పడేదాకా గాదు."

జేజికి ఒకటి తట్టింది. "కోసేది మనమైతే తప్పు. పొట్టేలు మేస్తే? దాని నోరు, దాని కర్మ."

బూబమ్మ అత్తను పిలిచి సంగతి చెప్పినాము. "మూడో ఎలకప్పుడే తెలుసులే" అనింది ఆమె. "అయినా అది దేవుని పేరు మిందుండే పొట్టేలు వదినా. మత్తెక్కి పడిపోతే మీరే మోసుకోని దింపాల." అట్లనే పొట్టేలును తాడు పట్టి మెట్లెక్కించింది.

పొట్టేలు ఐదో బకీటు కాడికి పోయింది. వాసన చూసింది. గట్టిగా తుమ్మింది. ఎనక్కి తిరిగి, తక్కిన నాలుగు బంతిచెట్లను పూలతో సహా మొదలంటా మేసేసింది. అదిలించే లోపల దండెం మిందుండే జేజి రవిక గూడా నోట పెట్టింది.

మాలో ఎవురూ నవ్వలేదు. "ఆ నాలుగూ పూత మిందే ఉన్నాయి గదే" అనింది అమ్మ. బూబమ్మ అత్త పొట్టేలును పట్టుకోని దిగి పోయింది.

నేను పిట్టగోడకు ఆనుకోని చెప్పినా. "కొలువు వద్దులేమ్మా. రేపు ఆయప్పను రావద్దని చెప్తా." మూడేండ్లు పొద్దున్నే లేచి కాలేజీకి ముందు టైపుకు పోయినదాన్ని, ఆ మాట అంత సులువుగా యాడ నుంచి వచ్చిందో. అమ్మ రాలిన బంతిరెక్కలు ఏరుకుంటాంది. ఒక కూతురి బిడ్డ, ఇంగొక కూతురి కొలువు. ఏది వదలమంటాది?

మా మిద్దెకు ఇంగా పాతకాలం గవాచి ఉండాది, వెలుతురు కోసం పెట్టిన కంత. పైన మాట్లాడే ప్రతి మాటా దాంట్లో నుంచి కిందికి పడతాది. దాని కింద మంచం మింద అక్క పడుకోనుండాది. ఇది మా ముగ్గురికీ గుర్తే లేదు.

మధ్యాన్నం అన్నం తిని అమ్మ కొళాయి కాడికి పోయింది. నేను వంటింట్లో ఉంటే మెట్ల మింద గాజుల చప్పుడైంది. శ్రీమంతం గాజులు, మోచేతుల దాకా. పరిగెత్తి పోయేసరికి అక్క మిద్దె మింద రొప్పుతా నిలబడి, రెండు చేతుల్తో ఆ చెట్టు మొదలు పట్టుకోనుండాది.

"దిగక్కా."

"దిగేదానికి ఎక్కినానా. బకీటు గట్టిగా పట్టుకో, నేను వంగలేను."

"అమ్మ చంపుతాది."

"నన్ను గదా చంపేది. నువ్వు కోర్టులో ఉంటావు, టైపు చేసుకో."

"ఏమన్నా అయితే?"

అక్క చేతులు వదల్లేదు. "ఏమన్నా అయితేనా. భయం లేదని నేను చెప్పలేను పాపా. పట్టుకో."

చెట్టుకూ కడుపుకూ సంబంధం లేదని నాకు తెలుసు. పుస్తకం చదివి తెలుసుకున్నా, మార్కులు గూడా తెచ్చుకున్నా. అయినా ఆ బకీటు అంచు పట్టుకోని మునగచెట్టునే తలుచుకుంటాండా. వద్దని చెప్పి బకీటు వదిలేసి ఉండొచ్చు. వదల్లేదు. నాకు కొలువు కావాల. అక్క మూడు గుంజులు గుంజింది. మూడోదానికి వేర్లతో సహా వచ్చేసింది, నేను బకీటుతో పాటు ఎనక్కి పడినా.

"పెరికింది నేను, పట్టింది నువ్వు" అనింది అక్క. "సగం సగం."

అమ్మ బిందె దించి, చూసి, ఆ నీళ్లతోనే అక్క చేతులు కడిగింది. తిట్టింటే బాగుండు. నాయన మగ్గంలో నుంచి లేచి వచ్చి, చెట్టును సంచిలో కుక్కి సైకిలెక్కినాడు. యాడ పారేసినాడో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

మరుసటి రోజు పదకొండుకు ఆయప్ప వచ్చినాడు. ఐదు బకీట్లూ బోర్లించి ఉన్నాయి.

"బంతిచెట్టు ఏమాయనమ్మా?"

"పొట్టేలు మేసింది సార్" అని బూబమ్మ అత్త పిట్టగోడ మింద నుంచి చెప్పింది.

"పొట్టేలు బాగుండాదా?"

"బంగారం మాదిరుండాది సార్."

సాక్షి సంతకం ఆమే పెట్టింది. టీ తాగి పోయినాడు.

ఆ పొద్దు నుంచి రోజులు లెక్కపెట్టుకుంటా బతికినాము. అమ్మ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అక్క చేయి కడుపు మిందే, మా కండ్లు ఆ చేయి మిందే. ఒక రోజు పొద్దున "నిన్నటి నుంచి కదల్లేదు" అనింది. ఆటోలో ఆస్పత్రికి పోయేంతసేపూ అమ్మ నా మొకం చూడలేదు. స్కానింగులో గుండె చప్పుడు వినపడింది, బిడ్డ నిద్రపోతాందంట. ఇంటికొచ్చేసరికి గడప కింద రిజిస్టరు కవరు వచ్చిందని పోస్టాయప్ప చీటీ. నేనొక్కదాన్నే పోయి తెచ్చుకున్నా. చదివినా. మళ్లీ చదివినా. బియ్యం డబ్బా కింద పెట్టినా. ఆ బిడ్డ బయటికొచ్చి ఏడ్చేదాకా అది నాది గాదు అనిపించింది. బిడ్డకేమన్నా అయితే ఆ కాగితంతో నేను ఏ మొకం పెట్టుకోని జమ్మలమడుగు బస్సెక్కాల?

ఇప్పుడు ఏడ్చింది. ఎంత బాగా ఏడ్చిందో.

ఇంగా ఫోన్ చేయాల్సినోళ్లు:

బావకు. బస్సులో ఉండాడు, సిగ్నలు దొరకడం లేదు. ఆడబిడ్డని చెప్పాల. ఎరువు సంగతి ఎత్తగూడదు.

నాయనకు. మగ్గం చప్పుడులో వినపడదు, ఎత్తేదాకా చేస్తానే ఉండాల. జేజి పక్కనే ఉంటాది, ఇద్దరికీ ఒకటే ఫోను.

బూబమ్మ అత్తకు. కువైట్‌కు ఆమే చెప్తాది.

టైపు నేర్పించిన మేడంకు.

బాటనీ సారుకు. కొలువు సంగతి మాత్రమే.

పూలంగడి ఆయప్పకు. తొట్లో ఏసే పొద్దుకు బంతిపూలు, ఎర్రవి, ఇంట్లో లేవు.

పోలీసాయప్పకు. నంబరుండాది. చేయొచ్చో లేదో తెల్దు.

అమ్మకు. ఆ తలుపు అవతలే ఉండాది, బిడ్డనెత్తుకోని. ఆర్డరు సంగతి ఆమెకు గూడా ఫోన్లోనే చెప్తా.