ఎల్ నొక్కిన చెయ్యి

లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి మళ్ళీ కొత్తగా వేయడాన్ని మా దగ్గర ఫార్మాట్ కొట్టడం అంటారు. నేను తెలుగు టీచర్‌ని. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సంధులు, సమాసాలు చెప్పుకుని బతికేదాన్ని. అలాంటిదాన్ని ఒక ఎండాకాలం సెలవుల్లో, ఎవరినీ బతిమాలే ఓపిక లేక, నా లాప్‌టాప్‌కు నేనే ఫార్మాట్ కొట్టుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులోకి పోయి సీడీ కొన్నాను. అమ్మినతను ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో ఒక చీటీ మీద రాసిచ్చాడు.

చీటీ ప్రకారం చేసుకుంటూ పోతే నీలం తెర మీద తెల్ల అక్షరాల్లో రెండు వరుసలు కనబడ్డాయి. ఒకటి సి డ్రైవ్, ఇంకొకటి డి డ్రైవ్. లాప్‌టాప్ ఉన్న ప్రతివాళ్ళూ ఆ రోజుల్లో కళ్ళు మూసుకుని నమ్మే సంగతి ఒకటుంది. విండోస్ ఉండేది సిలో, మన సొంత సామాను ఉండేది డిలో. ఫార్మాట్ కొడితే సి పోతుంది, డి చెక్కుచెదరదు. మరి డి కూడా పోవాలంటే ఏం చేయాలో నేను మొదటిసారి ఆ రోజే చూశాను. ముందు డి వరుస మీదికి వెళ్ళి, తీసేయమని ఒక మీట నొక్కాలి. అప్పుడు అది ఇంకో తెర చూపించి, ఇందులో ఉన్నదంతా పోతుంది, కావాలనే అయితే ఎల్ నొక్కు, లేకపోతే వెనక్కి వెళ్ళు అంటుంది. ఆ ఎల్ ఎక్కడో కుడివైపు ఉంటుంది. పొరపాటున వేలు తగిలే చోటు కాదు.

ఆ తెర ముందు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంతకు పది నెలల ముందు నా డి డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. పొరపాటున పోయిందని నాకు చెప్పారు. నేను నమ్మాను.

అందులో ఉన్నది మా నాయిన. నాలుగు నిమిషాల వీడియో. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, బస్సుల డిపోలో మెకానిక్‌గా పనిచేసి, మన్సూరాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో అన్ననూ నన్నూ పెంచిన మనిషి ఆయన. నలుగురిలో నోరు విప్పి ఎరగడు. ఉద్యమం రోజుల్లో ఎల్బీనగర్ రోడ్డు మీద దీక్షా శిబిరం వేస్తే మా అన్న రోజూ అందులో ముందు వరుసలో ఉండేవాడు. ఒక మధ్యాహ్నం అన్నే నాయిన చేతిలో మైకు పెట్టాడు. నాయిన దాన్ని పానా పట్టుకున్నట్టు పిడికిట్లో బిగించి మాట్లాడాడు. నేను ఫోన్‌తో తీశాను. నాయిన తల తెరలో తెగిపోకుండా చూసుకోవడంలోనే నా ధ్యాసంతా ఉండి, మాటలు సగం చెవికెక్కలేదు. తర్వాత తీరిగ్గా వినొచ్చులే అనుకున్నాను.

చివర్లో అన్న, నాయిన చెయ్యి పట్టుకుని జనం ముందు ఒట్టు పెట్టాడు. రాష్ట్రం వచ్చేదాకా ఏ పార్టీ కండువా కప్పుకోనన్నాడు. ఏ పదవీ తీసుకోనన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అదీ ఆ వీడియోలోనే ఉంది.

ఫోన్‌లో చోటు చాలక దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోది తీసేశాను. రెండుసార్లు చూశానేమో, అదీ వంట చేసుకుంటూ. ఆ తర్వాతి ఎండాకాలంలో ఛాతీలో నొప్పి అన్న నాయిన, దవాఖానకు చేరకముందే పోయాడు. ఇక ఆ వీడియో పెట్టి చూసే ధైర్యం నాకు రాలేదు. డిలో భద్రంగా ఉంది కదా, దుఃఖం కాస్త తగ్గాక చూసుకుందాం అనుకున్నాను.

రెండో నెల మాసికం నాడు అన్నతో, "నాయిన మాట్లాడింది నెట్ల పెడ్త అన్నా, అందరు జూస్తరు" అన్నాను. అన్న సరే అనలేదు, వద్దనలేదు. వారం తిరిగేసరికి నా లాప్‌టాప్ ముందు తనే కూర్చుని ఉన్నాడు.

"గిదేంది చెల్లె, గింత స్లో అయింది? వైరస్ వడ్డట్టుంది. పైనింటాయనతోని ఫార్మాట్ కొట్టిస్త తియ్" అన్నాడు.

పైనింటాయనది గుంటూరు వైపు. ఏదో కంపెనీలో ఉద్యోగం. మా బిల్డింగ్‌లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఆయనే దిక్కు. ఒక కప్పు కాఫీ ఇస్తే చాలు, ఆదివారమంతా కూర్చుని బాగుచేసి పెట్టేవాడు. అన్న లాప్‌టాప్ తీసుకుని పైకి వెళ్ళి, సాయంత్రానికి దిగి వచ్చాడు.

"సి కొట్టమంటే డి గూడ కొట్టిండు గాయన. అంత వొయింది. ఆంధ్రోని చేతిల వెట్టుడు నాదే తప్పు" అన్నాడు.

ఆ రోజుల గాలి అలాంటిది. ఆ మాట నాకు అబద్ధంగా అనిపించలేదు సరికదా, ఇలాగే జరుగుతుందని ముందే ఎందుకు అనుకోలేదా అనిపించింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. పోయిన ఫైళ్ళు వెనక్కి తెచ్చే షాపుకు పట్టుకెళ్తే నాలుగు రోజులుంచుకుని, బడి వార్షికోత్సవం ఫోటోలు కొన్ని తీసిచ్చారు. నాయిన రాలేదు. పైనింటావిడ గోంగూర పచ్చడి పంపిన గిన్నె ఒకటి అప్పటికి మా ఇంట్లో ఉంది. ఎవరి గిన్నెనైనా ఖాళీగా తిరిగివ్వడం మాకు అలవాటు లేదు, చారెడు చక్కెరైనా వేసి ఇస్తాం. ఆ గిన్నెను నేను కడిగి, ఖాళీగా వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చాను. చూసి అర్థం చేసుకోవాలనే పెట్టాను. ఆ తర్వాత మెట్ల మీద ఆయన ఎదురైతే మొహం తిప్పుకునేదాన్ని. ఆయన తల వంచుకుని గోడవారగా తప్పుకునేవాడు. తప్పు చేశాడు కాబట్టే తల ఎత్తలేకపోతున్నాడనుకుని లోపల సంతోషించాను కూడా.

నాలుగు నెలలు గడిచాయి. రాష్ట్రం రాలేదు గానీ అన్న మెడలోకి కండువా వచ్చింది. శిబిరంలో ఎవరి దిష్టిబొమ్మను తగలబెట్టాడో ఆ నాయకుడి వెనకే కారులో తిరగడం మొదలుపెట్టాడు, ఏదో కమిటీలో పదవి కూడా దక్కింది. నాకు ఒళ్ళు మండింది, రెండు నెలలు మాట్లాడలేదు. అప్పుడైనా నా మట్టి బుర్రకు ఆ వీడియో సంగతి తట్టలేదు.

ఇదిగో, ఈ నీలం తెర ముందు కూర్చున్నాక అర్థమైంది, పొరపాటున డి పోదని. అప్పటికీ నా అనుమానం పైనింటాయన మీదే. కావాలనే చేశాడన్నమాట అనుకుని, ఉడికిపోతూ రెండేసి మెట్లు ఎక్కి పైకి వెళ్ళాను. తలుపు ఆయనే తీశాడు.

"మా నాయిన మీకేం జేసిండు సార్? గా ఎల్ ఎట్ల నొక్కబుద్ధయింది మీకు?" అన్నాను.

లోపల ఆయన భార్య కుక్కర్ కింద మంట తగ్గించింది.

"ఎల్ నేను నొక్కలేదండీ టీచర్ గారూ" అన్నాడు. "రెండూ తీసేయమని మీ అన్నయ్యగారే అన్నారు. ఎల్ దగ్గర నేను ఆగాను. టీచర్ గారి ఫైళ్ళు వేరే చోట దాచారా అని అడిగాను. రెండోసారి అడిగేలోపు ఆయనే చెయ్యి చాపి నొక్కేశారు."

"మరి ఇన్ని దినాలు చెప్పలేదేంది?"

"ఆ రోజుల్లో నేను చెబితే మీరు నమ్మేవారా?"

నమ్మేదాన్ని కాదు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తల కొట్టేసినట్టయింది. చేతులు జోడించబోతే ఆయనే వద్దన్నట్టు చెయ్యి ఊపి, కూర్చోమన్నాడు. కూర్చునే మొహం నాకు లేదు.

ఆ సాయంత్రం అన్నను అడిగాను. బుకాయిస్తాడనుకున్నాను, బుకాయించలేదు. అదే ఎక్కువ మంటెత్తించింది.

"నువ్వు నెట్ల పెడ్తనంటివి. అప్పటికే నా మాటలు నడుస్తున్నయ్ అవతల పార్టోళ్ళతోని. అది బయటికొస్తే నా బతుకేం గావాలె?"

"నీ ఒట్టు ఒక్కటే కోసేస్తే అయిపోవు గదా అన్నా. నాయిన ఏం జేసిండు?"

"కోసుడు నాకేం వస్తది చెల్లె. జర పరేషాన్‌ల ఉంటిని." ఫోన్ చూసుకుంటూ అన్నాడు. "నాయిన మాటలు నాకు యాదికున్నయ్ తియ్. ఏడికి వోతయ్."

ఒక్క అక్షరం నొక్కి నాయినను తీసేసినవాడు నా తోడబుట్టినవాడు. అన్న చెప్పిన ఒక్క మాటకు పది నెలలు మంచివాళ్ళ మీద విషం కక్కినదాన్ని నేను. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ అసహ్యం వేసిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ వారంలోనే నాయిన సంవత్సరీకం వచ్చింది. ఊరి నుంచి బంధువులంతా దిగారు. భోజనాలయ్యాక చాపల మీద కూర్చుని కబుర్లలో పడ్డారు. మా మేనత్త, నాయినకు చెల్లెలు, కళ్ళొత్తుకుంటూ అన్నను అడిగింది.

"మా అన్న మైకుల మాట్లాడిండంట గదరా. ఏమన్నడు?"

అన్న తెల్లచొక్కా సర్దుకున్నాడు. గొంతు కూడా సర్దుకున్నాడు.

"నాయిన ఏమన్నడంటే అత్తా, కొడుకా, నువ్వు ఎవలతోని ఉన్నా సరే పైకి రావాలె, నలుగురికి పనికొచ్చేటోనివి గావాలె అన్నడు. అందరి ముంగట నన్ను వట్టుకొని అన్నడు."

అందరూ తలలూపారు. ఎవరో కండువా అంచుతో ముక్కు తుడుచుకున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"నాయిన గట్ల అనలేదు" అన్నాను.

చాపల మీదివాళ్ళంతా నా వైపు తిరిగారు. అన్న కూడా తిరిగాడు, అతని మొహంలో రక్తం లేదు.

"మరేమన్నడు బిడ్డా?" అంది మేనత్త. "నువ్వు ఉంటివి గదా ఆడ. చెప్పు, ఇంటం."

చెప్పడానికి నోరు తెరిచాను. పిడికిట్లో మైకు కనబడింది, కదులుతున్న పెదవులు కనబడ్డాయి. అన్న చెప్పింది అబద్ధమని నా ప్రాణానికి తెలుసు. నిజం మాత్రం ఒక్క ముక్క నోటికి రాలేదు. ఎంత వెతికినా నాయిన గొంతులో నాకు వినబడింది, క్షణం కిందట అన్న చెప్పిన ఆ అబద్ధమే. మేనత్త నా మొహంలోకి చూస్తూ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.