ఎల్లాజీ పేరు పెట్టుకున్న అమెరికా కారు

ఉప్పునీళ్లలో నానిన కొబ్బరిపీచు ఎండకు ఆరుతుంటే ఒక వాసన వస్తుంది. మొన్న చేపలరేవు దగ్గర టీకొట్టు వాళ్లు కుర్చీ మెత్త ఒకటి కుట్టమని తెచ్చారు. కుట్టు విప్పగానే ఆ వాసన గుప్పుమంది. కత్తెర పక్కన పడేసి బయటకొచ్చి కూర్చున్నాను. "ఏటయ్యిందే అమ్మా?" అని మా అమ్మాయి రెండుసార్లు అడిగింది. ఏం చెప్పను? దానికి ఎల్లాజీ మేస్త్రీ తెలియదు. మీకూ తెలియదు. తొంభైల చివర్లో కంచరపాలెంలో, రైలుపట్టాల వెనక ఆయన షెడ్డు ఉండేది. కార్ల సీట్లు కుట్టడం నాకు నేర్పింది ఆయనే. భయపడాల్సిన చోట భయపడటం నేర్పిందీ ఆయనే.

ఆయనది చేపల వేట కుటుంబం. పడవ వదిలి కార్ల రేకుపనికీ సీట్లపనికీ వచ్చాడు. సొట్టపడిన బానెట్‌ను అరచేత్తో తడిమి, ఎక్కడ కొట్టాలో కళ్లు మూసుకుని చెప్పేవాడు. మెచ్చుకోవడంలో మాత్రం పరమ పిసినారి. నేను సబ్బవరం రైతుల పిల్లని, సముద్రాన్ని బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప దాని సంగతులేవీ ఎరగను. ఊళ్లో పాత అమెరికా కార్లున్న వాళ్లు ఆదివారం పూట ఆ షెడ్డులో చేరి, టీలు తాగుతూ హోరాహోరీగా వాదించుకునేవారు. అందరికంటే గట్టి గొంతు ప్రకాశరావు గారిది. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. కారు వెనక రెక్కల్లా రేకులు లేచి ఉన్నంత కాలమే అమెరికా వాడికి ధైర్యం ఉందనీ, తర్వాత గీసినవన్నీ అట్టపెట్టెలనీ ఆయన తీర్పు. మేస్త్రీ రూపాన్ని ఒప్పుకునేవాడు, పేర్లనే ఒప్పుకునేవాడు కాదు.

"జింక పేరొకటి, గుర్రం పేరొకటి, పిడుగు పేరొకటి. అన్నీ పారిపోయేవే గదా బాబూ! ఇంటికొచ్చేదాని పేరు ఒక్కటైనా ఎట్టారా? మా పడవలకైతే ఒడ్డున ఎదురుసూసేవోళ్ల పేరెడతాం. పేరిచ్చినోళ్లు ఆ పడవెక్కరు. ఎదురుసూడ్డానికి ఒకరుండాల గదా, అందుకు."

ప్రకాశరావు గారి కారుది కూడా పరిగెత్తే జంతువు పేరే. దాన్ని ఇక్కడ రాయను. ఆ కారును ఎక్కువగా నడిపింది ఆయన తమ్ముడు సత్యం. ఒక వానాకాలం అతను కారుతో సహా జెట్టీ మీంచి నీళ్లలో పడిపోయాడు. బండిని పైకి లాగారు, మనిషిని బతికించలేకపోయారు. ఏళ్ల తరబడి పెరట్లో పడి ఉన్న ఆ కారును ఆయన చివరికి మా షెడ్డుకు తెచ్చారు. మేస్త్రీ దాని మీద రెండేళ్లు పనిచేశాడు. పూర్తయ్యాక బీచ్‌రోడ్డు మీద మొదట తనే నడుపుతానని ప్రకాశరావు గారి దగ్గర మాట తీసుకున్నాడు. వెనకవైపు పేరు తాలూకు మెరుపు అక్షరాలు మాత్రం లేవు. బండిని నీళ్లలోంచి లాగిన జాలర్లే వాటిని పీకేశారట. మనిషిని మింగి తిరిగొచ్చిన పడవకు పాతపేరు ఉంచకూడదు, ఆ పేరుంటే పోయినవాడు తన పడవే అనుకుని వచ్చి కూర్చుంటాడని వాళ్ల నమ్మకం.

"పేరు లేకపోతే ఒరిజినల్ ఎలా అవుతుందయ్యా?" అన్నారు ప్రకాశరావు గారు.

"ఒరిజినల్ అక్కర్నేదు బాబూ. కొత్త పేరెడదాం" అన్నాడు మేస్త్రీ.

మేస్త్రీ చెల్లెలింటికని మూడు రోజులు ఊరెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే ప్రకాశరావు గారు కాగితం పొట్లం తెచ్చారు. అవే అక్షరాలు. పాత ఇనుము కొట్లన్నీ తిరిగి వెతికి పట్టుకున్నారట. బిగించమన్నారు. చాదస్తపు మాటలకు పని ఆపడమేమిటనుకున్నాను. మేస్త్రీ వచ్చేసరికి కారు పూర్తయి ఉంటే ఒక్కసారైనా బాగుందంటాడని ఆశ కూడా. బిగించేశాను.

మర్నాడు డ్రైవర్ సీటు తడిగా ఉంది. వేలు నాలుకకు తగిలిస్తే ఉప్పు. పోర్టు నుంచి ఎగిరొచ్చే ఎర్రదుమ్ము నేలంతా పరుచుకుని ఉంది, దాని మీద ఒక్క అడుగుజాడ లేదు. సీట్లోని కొబ్బరిపీచు మార్చి మళ్లీ కుట్టాను. రెండో రోజూ అంతే. నా పనికి పేరు పోతుందని ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు నేను వెళ్లేసరికి ప్రకాశరావు గారు పక్కసీట్లో కూర్చుని నవ్వుతున్నారు.

"తలుపు గట్టిగా వెయ్యకు రవణమ్మా. వాడిప్పుడే కూర్చున్నాడు" అన్నారు మెల్లగా. "ఆదివారం ఇద్దరం జెట్టీ మీదకు వెళ్తాం. వాడే నడుపుతానంటున్నాడు. ఈసారి నన్నూ తీసుకెళ్తాడట."

డ్రైవర్ సీటు వైపు చూశాను. నేను బిగించి కుట్టిన రెక్సిన్ మనిషి బరువుకు కుంగినట్టు కుంగి ఉంది. ఏ సీటు ఎందుకు కుంగుతుందో నాకు తెలుసు. అది కుట్టు వదులై కుంగింది కాదు.

అప్పుడే మేస్త్రీ వచ్చాడు. కారు వెనక ఆగిపోయాడు.

"ఇయ్యి ఎవులెట్టారు?"

"నానే మేస్త్రీ."

మేస్త్రీ అక్షరాలు ఒక్కొక్కటే ఊడబీకాడు. చివరిది స్క్రూడ్రైవరుకు రాకపోతే గోళ్లతో లాగాడు, రక్తం కారింది. డ్రైవర్ తలుపు తెరిచి, ఖాళీ సీటుకు దండం పెట్టాడు.

"సత్యంబాబూ, దిగు నాయనా. నీ బండి ఎల్లిపోనాది. ఇది ఎల్లాజీ బండి. ఎల్లాజీ ఒడ్డునుంటాడు, ఇది ఇంటికొచ్చీవాల."

రెక్సిన్ మెల్లగా పైకి లేచింది. నా కళ్లతో చూశాను. ప్రకాశరావు గారు "ఒరేయ్, ఉండరా!" అని అరుస్తూ ఆ ఖాళీని రెండు చేతులతో వాటేసుకోబోయారు. ఇద్దరం కలిసి ఆయన్ని బయటికి లాగాం.

కారు వెనక మేస్త్రీ తెలుగులో తన పేరు రాసుకున్నాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. ప్రకాశరావు గారు దాన్ని ఎనిమిదేళ్లు నడిపారు, ప్రతిసారీ ఇంటికి క్షేమంగా చేరారు. మాతో మాత్రం మాట మానేశారు. ఒకసారి ద్వారకా నగర్‌లో ఎదురుపడితే నేనే నమస్కారం పెట్టాను.

"నన్ను బతికించామని అనుకుంటున్నారు మీరు" అన్నారు. "వాణ్ణి రెండోసారి ముంచేశారు."

ఏడుస్తూ వెళ్లి మేస్త్రీకి చెప్పాను. సుత్తి ఆపకుండానే విన్నాడు. "తిట్టనీ అమ్మా. తిట్టడానికి మనిషున్నాడు గదా" అన్నాడు. ఆ మాట నాకు సగమే ఊరటనిచ్చింది. మిగతా సగం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. మేస్త్రీ పోయి చాలా ఏళ్లయింది. ఎవరైనా పాతకారు తెచ్చి, అన్నీ మొదట ఉన్నట్టే కావాలంటే, ఇదివరకు దీన్ని ఎవరు నడిపేవారని అడుగుతాను. చెప్పేటప్పుడు వాళ్ల కళ్లు డ్రైవర్ సీటు వైపు తిరిగితే, ఆ బండి నేను ముట్టుకోను.