మాట్లాడిన నాగకన్య

చైత్రంలో మహాకాళి జాతరంటే చంద్రపూర్ పెనంలా కాలుతుంది. ఆ ఎండలో, డేరా లోపల, రాజక్క మెడదాకా చెక్కపెట్టెలో కూర్చుంటుంది. పైకి కనిపించేది ఆమె తల, దాని వెనక చుట్టలు చుట్టుకున్న గుడ్డపాము. మిగతాదంతా అద్దాల మాయ. “అర్ధా మనిషి, అర్ధా నాగు!” అని బయట మైకులో డేరా యజమాని దత్తు గొంతు చించుకుంటాడు. రాజక్క ముఖం బాగుంటుందని పనిలో పెట్టుకున్నాడు. ముఖం తప్ప ఆమెలో ఇంకేదీ అతనికి అక్కర్లేదు. షరతు ఒక్కటే: కళ్లు ఆర్పొచ్చు, నోరు విప్పొద్దు.

టౌన్ పిల్లలు చూసి నవ్వుతారు. ఊళ్లవాళ్లు మొక్కుతారు. మొక్కేవాళ్లంటేనే దత్తుకు ఇష్టం. పాము పడగకు పసుపూ కుంకుమా పూయించింది అతనే.

ఆ మధ్యాహ్నం ఆసిఫాబాద్ వైపు నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. భుజాన బిడ్డ. బిడ్డ మెడ వాలిపోయింది, పెదాలు పొక్కిపోయాయి. ఆమె జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి వచ్చి బిడ్డను పాము చుట్టల మీద పడుకోబెట్టింది.

“నాగమ్మా, నిన్నటి సంది కండ్లు తెరుస్తలేదు. నీదే భారం.”

రాజక్క నోరు ఆగలేదు. “గిక్కడేం జేస్తున్నవ్? దవాఖానకు ఉరుకు!”

డేరా ఒక్కసారి హోరెత్తింది. “అమ్మ పలికింది!” ఆ ఆడమనిషి కదిలితేనా! సాగిలపడింది. “నువ్వే పలికినంక ఇగ దవాఖాన ఎందుకమ్మా?”

దత్తు పెట్టె వెనక్కి వచ్చి గుసగుసలాడాడు. “మస్తు చేసినవ్ అక్కా! మళ్లొక్కసారి అను. బయట లైన్ చూడు.”

“పోరి సస్తదిరా!”

“ఆమె పోరి, ఆమె దేవుడు. మనదేం పోతది?”

రాజక్క పెట్టె పలకను ఫెడేలున తన్నింది. పాము పక్కకు దొర్లుతుంటే తల్లి బిడ్డను అందుకుంది. చెమటకు ఒంటికంటిన లంగాతో జనం ముందు నిలబడింది.

“సూడు, నేను మనిషినే. రాజురా ఊరి రాజక్కను. పా, ఆటో ఎక్కిస్త.” చేతులు చాచింది.

నాగమ్మకు అప్పజెప్పిన బిడ్డను మనిషికివ్వడానికి ఆ తల్లికి చేతులు రాలేదు. “దయ్యం! దేవతను మింగిన దయ్యం!” అంటూ బిడ్డను లాక్కుని బయటపడింది.

రాజక్క వెంటపడబోయింది. జనం జుట్టు దొరకబుచ్చుకున్నారు. “మోసం జేస్తవానే?” చెప్పులు లేచాయి. కింద పడి, కాళ్ల సందుల్లోంచి ఆమె రోడ్డు వైపు చూసింది. ఆటోలు ఖాళీగానే ఉన్నాయి. ఆ తల్లి వాటిని దాటుకుని ఎదుటి డేరాలో దూరింది. అక్కడ ఐదు కాళ్ల ఆవుకు పూసలు కట్టి నిలబెట్టారు. దాని మూపురం నుంచి వేలాడుతున్న ఐదో కాలికి ఆమె బిడ్డ తలను ఆనిస్తోంది.