తడి మెడ

ఆ ఎడారి సైనిక శిబిరంలో తుపాకి లేనివాళ్లు ఇద్దరే. ఒకరు కాంపౌండరు, రెండోవాడు బార్బరు బాబాయ్. తుపాకులున్న నూట ఇరవై తలలూ తన కత్తెర ముందు వంగుతున్నాయి కాబట్టి, ఆ లెక్కన శిబిరానికి అసలు పెద్ద తానేనని బాబాయ్ చెప్పుకునేవాడు. లోపల మాత్రం శుద్ధ పిరికి. తేలుంటుందేమోనని బూటు దులిపి, మళ్లీ దులిపి, పక్కవాడి చేత కూడా ఒకసారి దులిపించి గాని కాలు పెట్టేవాడు కాదు. ఇసుకగాలి లేస్తే ముక్కుకు తడిగుడ్డ బిగించుకుని, నోరు తెరిస్తే ఊపిరితిత్తుల్లో దిబ్బలు మొలుస్తాయని సైగలతోనే బతికేవాడు.

ఆ మాటకొస్తే భయపడదగ్గ ఎండే అది. తడిసిన దుప్పటి ఈ కొస ఆరేసి ఆ కొసకు వెళ్లేలోపు మొదటి కొస కరకరలాడేది. నమ్మనివాళ్లు అక్కడ ఎప్పుడూ దుప్పటి ఉతికి ఉండరు.

మధ్యాహ్నం కాపలా దిగిన జవాన్లు బాబాయ్ డేరా నీడలో కూర్చునేవాళ్లు. కాంపౌండరు వచ్చి ఒక్కొక్కరి మెడ చూసేవాడు. చెమట కనబడితే సరే. పొడిగా ఉంటే మనిషిని అప్పటికప్పుడే మంచం ఎక్కించేవాడు. "చెమట ఆగిందంటే మెదడు ఉడకడం మొదలైనట్టే," అనేవాడు. క్రితం వేసవిలో ఒకడు అలాగే పోయాడు. అది విన్న రోజు బాబాయ్ ఆపకుండా బిందెడు నీళ్లు తాగేసి, ఉప్పు లేకుండా అన్ని తాగినా ప్రాణం మీదికొస్తుందని కాంపౌండరు చేత చీవాట్లు తిన్నాడు.

జవాన్లలో ఒకడిని ఒంటె అని పిలిచేవాళ్లు. తనకు దాహమే వెయ్యదని వాడి గొప్ప. ఆ రోజు కాపలా నుంచి వచ్చి నేరుగా కుర్చీలో కూలబడ్డాడు.

"నీళ్లు తాగావట్రా?" అన్నాడు బాబాయ్.

"మొన్న సోమవారం తాగాగా బాబాయ్. ఇంకా సగం మిగిలింది."

బాబాయ్ నవ్వి, అలవాటు ప్రకారం సీసాతో వాడి మెడ మీద నీళ్లు చిమ్మి, అరచేత్తో రుద్ది, కత్తెర తీశాడు. అంతలో కాంపౌండరు వచ్చాడు. ఒంటె మెడ తళతళా మెరుస్తోంది. "వీడికి బాగానే పట్టింది చెమట," అని పక్క డేరాకు వెళ్లిపోయాడు.

కత్తెర నాలుగైదుసార్లు ఆడింది.

"అక్కా, తలుపెయ్యవే. వానజల్లు కొడుతోంది," అన్నాడు ఒంటె.

డేరాకు తలుపు లేదు. వాన సంగతి చెప్పనే అక్కర్లేదు. వెటకారం అనుకుని, "నీ అక్కని కాదురా, మేనత్తని," అన్నాడు బాబాయ్. ఒంటె నవ్వలేదు. వాడి తల మెల్లగా అద్దం మీదికి వాలింది. పట్టుకోబోయిన బాబాయ్ చేతికి మెడ తగిలింది. పొయ్యి మీది పెనంలా ఉంది. తడి ఎప్పుడో ఎగిరిపోయింది.

ఆ తడి తను చిమ్మింది. కాంపౌండరు చూసింది దాన్నే.

బాబాయ్ కత్తెర పడేసి, గడ్డాలు గీసే నీళ్ల డ్రమ్ము మొత్తం ఒంటె మీద గుమ్మరించి, కాంపౌండరు కోసం పరిగెత్తాడు. ఇద్దరూ వచ్చేసరికి ఒంటె కింద పడి కాళ్లు కొట్టుకుంటున్నాడు.

కాంపౌండరు చొక్కా చింపి, చంకల్లో, గజ్జల్లో ఐసు సంచులు పెట్టాడు. జ్వరం నూట ఆరు దాటింది.

"తప్పు మీది కాదండీ. ఆ తడి నాది," అన్నాడు బాబాయ్.

"తర్వాత తిడతాను. ముందు విసురు."

కటింగుకు కప్పే గుడ్డతోనే బాబాయ్ విసిరాడు. చేతులు పడిపోతున్నా ఆపలేదు, ఆపితే ఊపిరి ఆగుతుందేమోనని. ఐదేళ్లుగా తన చేతికింద వంగిన తలల్లో ఇది చివరిసారి వంగిందేమోనన్న ఊహ వస్తే, దాన్ని కూడా విసిరి కొట్టాడు. పొద్దు వాలుతుండగా ఒంటె కళ్లు తెరిచాడు. ఎవరినీ గుర్తుపట్టలేదు. హెలికాప్టరు వచ్చి వాడిని తీసుకుపోయింది.

ఆరు వారాలు బాబాయ్ ఎవరి మెడ మీదా చుక్క నీరు చిమ్మలేదు. పొడి తువ్వాలుతో తుడిచి, అరచెయ్యి ఆనించి, చెమట పుట్టేదాకా కాచుకునేవాడు. "మెడ మీద పంట పండిస్తున్నావా బాబాయ్?" అని జవాన్లు ఏడిపించినా పద్ధతి మార్చలేదు.

ఏడో వారం ఒంటె తన సామాను తీసుకెళ్లడానికి వచ్చాడు. నడక తూలుతోంది, మాట కొంచెం సాగుతోంది. ఇక ఎడారి డ్యూటీ లేదన్నారట. కుర్చీలో కూర్చుని, "సగం కటింగు బాకీ ఉన్నావు," అన్నాడు.

బాబాయ్ తువ్వాలుతో తుడిచి, అరచెయ్యి వాడి మెడ మీద పెట్టాడు. పొడిగానే ఉంది.

"నీళ్లు తాగే వచ్చాను బాబాయ్. ఉప్పేసుకుని."

అయినా చెయ్యి తియ్యలేదు. కాసేపటికి వేళ్ల కింద సన్నగా తడి తగిలింది. అప్పుడు కత్తెర అందుకున్నాడు.