రాహుకాలంలో కూర్చున్న కన్వర్టరు

మాడిన గేరుబాక్సు నూనె వాసన ఎక్కడున్నా నా ముక్కు పట్టేస్తుంది. మొన్న తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన టైర్లకు గాలి పట్టించుకుందామని ఒక షెడ్డు ముందు ఆగితే, లోపలినుంచి అదే వాసన గుప్పున కొట్టింది. ఒకామె తన ఆటోమేటిక్ కారు పక్కన నిలబడి ఏదో అడుగుతోంది. మేస్త్రీ ఆమె మొహం కూడా చూడకుండా, ఇంట్లో మగవాళ్లుంటే పంపించమ్మా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గాలి సంగతి తర్వాత అనుకుని లోపలికి వెళ్లి, బండి ఎవరిదో వాళ్లతో మాట్లాడమని నాలుగు దులిపి వచ్చాను. బయటికొచ్చాక చెంగల్రాయులు సారు గుర్తొచ్చారు. ఆయనుంటే నాలుగుతో ఆపేవారు కాదు.

సారు చిత్తూరులో మా పక్కింటాయన. ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వీధిలో ఆయనకు మంచి పేరేమీ లేదు. నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. కాలవలో చెత్త పోసినవాణ్ణి, కొళాయి వదిలేసి పోయినవాణ్ణి గేటు దగ్గరే నిలబెట్టి కడిగేసేవారు. ఆయన కనిపిస్తే మా అమ్మ వీధికి ఆ పక్కనుంచి నడిచేది.

మా ఇంట్లోనేమో నాకు కోపమే నిషేధం. ఏడేళ్లప్పుడు మిద్దెమెట్ల మీదనుంచి పడి నా ఎడమకాలు విరిగింది. ఎముకలు కట్టే పుత్తూరులో కట్టు కట్టి, మేము విప్పేదాకా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి పంపారు. ఇంతలో తమ్ముడు శేఖర్‌కు తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించే ముహూర్తం కుదిరింది. మళ్లీ అంత మంచిరోజు దొరకదని మా నాయన తన చేత్తోనే కట్టు విప్పేసి నన్ను కొండకు నడిపించాడు. కాలు వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత నేనెప్పుడు గొంతు పెంచినా, కాలు అట్లా ఉండాది, నోరన్నా మంచిగా పెట్టుకో అనేవాళ్లు. ఏం న్యాయమండీ ఇది? కాలు పాడుచేసింది వాళ్లు, అణిగిమణిగి ఉండాల్సింది నేను!

పెద్దయ్యాక పాల కేంద్రంలో పాలు పరీక్షించే ఉద్యోగం వచ్చింది. తెల్లవారకముందే చేరాలి. ఆ వేళకు మావైపు బస్సుల్లేవు. నా ఎడమకాలు క్లచ్ తొక్కలేదు కాబట్టి క్లచ్ లేని పాత ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాను. ఆ బండి లేకపోతే ఉద్యోగం లేదు. అలాంటిది ఇంజను వెనక సీలు పోయి నూనె కారడం మొదలయింది. ఊళ్లో మేస్త్రీలంతా ఒకటే పాట: విప్పితే మళ్లీ కలవదు, తూకానికి అమ్మేయండి. ఒకాయనైతే, ఈ కాలుతో ఉద్యోగం ఎందుకమ్మా అని సలహా కూడా పారేశాడు. నిన్నెవడడిగాడు అనాల్సింది. అనలేదు. ఇంటికొచ్చి వరండాలో కూర్చుని ఏడ్చాను. గోడ అవతలనుంచి సారు గొంతు వినిపించింది.

"ఏడిస్తే సీలు అతుక్కోదు గిరిజా. ఇంజను ఎత్తేదానికి చైను బ్లాకు బాడిగకి తెమ్మను మీ తమ్మున్ని. ఈడనే ఇప్పుదాం."

మా రేకుల షెడ్డు కింద ఇంజను పైకెత్తి సీలు మార్చాం. సారుకు చేతులు వణుకుతాయి, అందుకని పనంతా నాతోనూ శేఖర్‌తోనూ చేయించి, ఆయన కుర్చీలో కూర్చుని తిట్టేవారు. అసలు కష్టం తిరిగి కలపడంలో వచ్చింది. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ గుమ్మడికాయంత ఇనుప డబ్బా ఒకటుంటుంది, కన్వర్టరంటారు. నూనెతో నిండే ఆ డబ్బాయే క్లచ్ చేసే పని చేస్తుంది. దాన్ని గేరుబాక్సులో పెట్టి తిప్పుతూ ఉంటే లోపలి పళ్లు ఒకదాని తర్వాత ఒకటి కలుస్తాయి, కలిసినప్పుడల్లా టక్కుమని ఇంకాస్త లోపలికి దిగుతుంది. ఆ ఆదివారం సాయంత్రం సారు మాత్ర వేసుకోవడానికి ఇంటికి వెళ్లిన సందులో శేఖర్ దాన్ని నెట్టాడు. కొంత దిగింది, చాల్లే అన్నాడు. ఇంజను దించి ఆనిస్తే రెంటి మధ్య వేలు దూరేంత ఖాళీ మిగిలింది. వాడు బోల్టులు తొడిగి స్పానరుతో దగ్గరికి లాగడం మొదలెట్టాడు. ఎందుకంత తొందరంటారా? రాహుకాలం వచ్చేస్తోంది. ఆలోపే చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాలని మా అమ్మ పళ్లెం పట్టుకుని సిద్ధంగా నిలబడింది.

సారు గేటు తీస్తూనే చూశారు.

"స్పానరు కింద పెట్టప్పా."

"ఇంకాసేపుంటే రాహుకాలం పట్టేస్తాది సార్. బోల్టు బిగిస్తే అదే పోయి కూర్చుంటాది."

"అది చేత్తో కూర్చోవల్ల. బోల్టుతో లాగినావంటే లోపల నూనె తోడే పంపు పగిలిపోతాది. ఈ పాత బండికి మళ్లా పంపు యాడ తెస్తావు? రాహువు తెచ్చిస్తాడా?"

అమ్మ నొచ్చుకుంది, దేవుడి విషయంలో అట్లా మాట్లాడకూడదంది. శేఖర్ స్పానరు వదల్లేదు. సారు వాళ్లిద్దరినీ విడిచిపెట్టి నావైపు తిరిగారు.

"బండి ఎవురిదమ్మా? నీ బండి ఇరగ్గొడతా ఉంటే సూస్తా నిలబడినావే. నీకు కోపం రాదా?"

అంతవరకూ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. కోపం తగ్గించుకో అన్నవాళ్లే గానీ, రాదా అన్నవాళ్లు లేరు.

"బోల్టులు ఇప్పురా శేఖరా," అన్నాను. "మీ ముహూర్తానికి ఒకసారి కాలిచ్చినాను. బండి ఇయ్యను."

అమ్మ పళ్లెం మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. శేఖర్ బోల్టులు విప్పి ఇంజను మళ్లీ పైకి లాగాడు. సారు గేరుబాక్సు ముందు ముక్కాలిపీట వేసి నన్ను కూర్చోబెట్టారు. తోయొద్దు, తిప్పు, అదే దిగుతుంది అన్నారు. తిప్పాను. చాలాసేపు ఏమీ కాలేదు. శేఖర్ గడియారం చూస్తూనే ఉన్నాడు. నిండు రాహుకాలంలో, నా రెండు అరచేతుల కింద ఆ డబ్బా టక్కుమని దిగి కూర్చుంది. ఈసారి ఇంజను చేత్తో నెడితేనే సందు లేకుండా కలిసింది, బోల్టులు వేళ్లతోనే ఎక్కాయి. మిగతావన్నీ బిగించి నూనె పోశాక నేనే స్టార్టు చేసి వీధి చివరిదాకా తోలుకెళ్లి వచ్చాను.

ఆ బండిలోనే ఇప్పటికీ పాల కేంద్రానికి పోతున్నాను. అక్కడ పరీక్ష పూర్తికాకముందే ట్యాంకరు వదిలేయమని ఎవరు తొందరపెట్టినా సంతకం పెట్టను. గిరిజమ్మతో కష్టం అని చాటుగా అనుకుంటారు. అనుకోనీ.

సారు పోయిన ఏడాది పోయారు. ఆ రోజు ఆయన వాకిట్లో కుర్చీలు వేసుకుని వీధివాళ్లు మాట్లాడుకుంటున్నారు. బతికినన్నాళ్లూ ఎవరితోనూ పొసగలేదన్నారొకరు. పాపం, ఆ కోపమంతా ఆయనతోనే పోయిందిలే అన్నారింకొకరు.

"యాడికీ పోలేదు," అన్నాను. "నాకిచ్చి పోయినారు."