తిరుగు టికెట్టు చింపేసిన గఫూర్

తాడిపత్రి అబ్దుల్ గఫూర్ ఒక్క పెళ్ళికార్డుతో మలేషియా విమానాశ్రయాన్నంతా భోజనానికి పిలిచి సరిహద్దు దాటిన మొనగాడు. నమ్మనివాళ్ళు నమ్మకపోండి. విమానాశ్రయం లేచి నడిచి రాలేదు గానీ తక్కిందంతా జరిగింది.

గఫూర్‌ది బండలకు పాలిష్ పట్టే పని. చనిపోయిన తమ్ముడి కూతురు సిమ్రాన్ కౌలాలంపూర్‌లో నర్సు. అక్కడే పెళ్ళి కుదిరింది. తండ్రి స్థానంలో నిలబడి నికాకు సరేననాల్సింది పెదనాన్న గఫూరే. ఆయన చేరకపోతే ఖాజీ నోరు విప్పడు.

టికెట్లు తీసే జయచంద్ర చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వీసా అక్కర్లేదు గానీ పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, దిగే ఇంటి అడ్రసు చూపాల్సిందే. అరైవల్ కార్డు కూడా ఫోన్‌లో తనే నింపేశాడు.

గఫూర్‌కు అన్నీ నచ్చాయి, తిరుగు టికెట్టు తప్ప. పెళ్ళింటికి పోతూ వచ్చేసే రోజు ముందే పెట్టుకుంటే వియ్యంకుల మొహం మీద తలుపేసినట్టే. వాళ్ళు ఉండమని పట్టుబట్టాలి, మనం పనులున్నాయని గింజుకోవాలి, బస్టాండు దాకా వచ్చాక కూడా సంచి లాక్కుని వెనక్కి తీసుకుపోవాలి.

బెంగళూరులో విమానం ఎక్కించేవాళ్ళకు ఆ కాగితం చూపించాడు. పైకి లేచాక, వియ్యంకుల కంట పడుతుందేమోనని సన్నగా చింపి, తాగేసిన చాయ్ కప్పులో వేసి ఎయిర్‌హోస్టెస్‌కు ఇచ్చేశాడు.

కౌలాలంపూర్ కౌంటరులో ఆఫీసరుకు తమిళం వచ్చు. లారీ డ్రైవర్లతో బేరాలాడి నేర్చుకున్న అరవం గఫూర్‌కూ వచ్చు. తిరిగి ఎప్పుడు పోతావంటే వాళ్ళు పంపినప్పుడన్నాడు. టికెట్టేదంటే చాయ్ కప్పులో ఉందన్నాడు. ఎక్కడ దిగుతావంటే పెళ్ళికార్డు తీసిచ్చాడు. కార్డు చేతికిచ్చి పిలవకపోతే ఎట్లా? ఇంటిల్లిపాదీ రమ్మన్నాడు. ఇదేదో లంచమనుకుని అతను పైఆఫీసరును పిలిచాడు. ఆయనా కార్డు చూశాడు గనక ఆయననూ పిలిచాడు గఫూర్. కార్డు చేతులు మారేకొద్దీ పెళ్ళికి మంది పెరిగారు. వరుసలో వెనకున్నవాళ్ళు సైతం ఎన్ని గంటలకని అడిగారట.

మధ్యాహ్నం నమాజు కాగానే నికా. గఫూర్‌నేమో గాజుగదిలో కూర్చోబెట్టారు. సిమ్రాన్ కళ్ళలో మెదిలింది. మర్యాదను మింగేసి జయచంద్ర నంబరు ఇచ్చాడు. టికెట్టు మళ్ళీ ఆఫీసరు ఫోన్‌లోకి వచ్చి వాలింది. అతను అంతటితో వదలక, అడ్రసు నిజమో కాదో తేల్చుకోవడానికి వియ్యంకుడు అతావుల్లాకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, మీ చుట్టం గురువారం వెళ్ళిపోతాడట కదా అన్నాడు.

కౌలాలంపూర్‌లో స్థిరపడ్డా అతావుల్లా సొంతూరు కదిరి.

"ఏమప్పా గఫూర్, ఇంగా రాకముందే పోతాండావా?"

"ఆ టికెట్టు నాది కాదన్నా, జయచంద్రది."

ఆఫీసరుకు తెలుగు రాకపోవడం అల్లా దయ. ముద్ర పడింది, నికా అందింది. ఆ ఆఫీసరు పెళ్ళాంబిడ్డలతో వచ్చి, బిరియానీ రెండుసార్లు వేయించుకుని, ఇంకో నెల ఉండమని దేశం తరఫున గఫూర్ సంచి లాక్కున్నాడని తాడిపత్రి అంతా చెప్పుకుంటుంది.

గఫూర్‌ను అడిగితే బండ మీంచి తలెత్తడు.

"ఎవురూ రాల్యా. గురువారమని ఫోన్లో విన్యాడు కదా, వియ్యంకుడు గురువారమే విమానం ఎక్కించినాడు. ఉండమని ఒక్క మాటా అన్ల్యా."